కసౌలీ కొండపై రాగి బట్టీ

మయూర్ విహార్ నుంచి ఘజియాబాద్ వైపు వెళ్లేవారికి మోహన్ నగర్ అంటే గుర్తొచ్చేది ట్రాఫిక్. 2019 నుంచి అక్కడ మెట్రో స్టేషన్ కూడా ఉంది. ఆ పేరు ఏ కృష్ణుడిదో కాదు, ఓ మద్యం కంపెనీ యజమానిదన్న సంగతి అక్కడ బస్సు మారేవారిలో చాలామందికి పట్టదు. నరేంద్రనాథ్ మోహన్ 1949లో డయ్యర్ మీకిన్ కంపెనీని సొంతం చేసుకున్నారు. 1954లో వచ్చిన ఓల్డ్ మాంక్ రమ్ము కంపెనీ కీర్తిని సైనిక క్యాంటీన్ల నుంచి కాలేజీ హాస్టళ్ల దాకా మోసుకెళ్లింది. కంపెనీ పుట్టిల్లు మాత్రం ఇక్కడ కాదు. మయూర్ విహార్‌కు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, హిమాచల్ ప్రదేశ్‌లోని కసౌలీ కొండ మీద.

చూసొద్దామని బయల్దేరితే పక్క ఫ్లాట్ పెద్దాయన తోడొచ్చారు. నెల్లూరు జిల్లావారు. కొడుకు దగ్గర ఉంటున్నారు. జన్మలో చుక్క ముట్టలేదు. మరి విస్కీ ఫ్యాక్టరీకి ఎందుకండీ అంటే, "మీరు బట్టీ చూడండి, నేను కొండ చూస్తా" అన్నారు.

పానిపట్, అంబాలా దాటి, పర్వానూ దగ్గర ఘాటు ఎక్కి, ధరంపూర్‌లో సిమ్లా రోడ్డును వదిలేస్తే పైన్ చెట్ల మధ్య సన్నటి దారి. బ్రిటిష్‌వారు 1842లో కంటోన్మెంటుగా కట్టుకున్న ఊరు కసౌలీ. ఎత్తు 1,900 మీటర్ల పైచిలుకు. రస్కిన్ బాండ్ పుట్టిందిక్కడే. సాయంత్రం పెగ్గు గురించి దాపరికం లేకుండా రాసుకున్న ఖుష్వంత్ సింగ్‌ వేసవి విడిదీ ఇక్కడే.

ఇంత ఎత్తున బట్టీ ఎందుకు పెట్టారు? చలి కోసం, నీళ్ల కోసం. ఎండలకు అల్లాడే తెల్ల సైనికులకు స్వదేశపు బీరు కావాలి. ఓడల్లో తెప్పిస్తే దారిలోనే పాడయ్యేది. ఎడ్వర్డ్ డయ్యర్ ఆ అవసరాన్ని పట్టుకున్నాడు. యంత్రాలను గంగా నదిలో పడవలు పోయినంత దూరం తెచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండ్ల మీద కొండెక్కించారని చెబుతారు. కంపెనీ తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకునేది 1855. తర్వాత మంచి నీటి ఊటలున్న సోలన్‌కు బీరు తయారీ తరలిపోయింది, కసౌలీ విస్కీకి మిగిలింది. 1887లో ఇది హెచ్.జి. మీకిన్ చేతికి వచ్చింది. అన్నట్టు, 1919లో జలియన్‌వాలా బాగ్‌లో కాల్పులు జరిపించిన జనరల్ డయ్యర్ ఈ ఎడ్వర్డ్ కొడుకే. ఆ ఇంటిపేరు కంపెనీ బోర్డు మీద 1960ల దాకా ఉంది.

స్కాట్లండ్‌లో డిస్టిలరీలు పర్యాటకులకు గైడును ఇచ్చి తిప్పుతాయి. ఇక్కడ నడిచేది ఫ్యాక్టరీ, ముందే అనుమతి కావాలి. దొరికినంత మేర చూశాం. పద్ధతి మాత్రం అక్కడిదే. బార్లీని నానబెట్టి మొలకెత్తించి, ఆరబెట్టి, నలగ్గొట్టి వేడి నీళ్లలో కలుపుతారు. పిండి చక్కెరగా మారుతుంది. ఈస్టు వేస్తే పులుస్తుంది. ఆ ద్రవాన్ని హంస మెడ లాంటి గొట్టమున్న రాగి పాత్రల్లో రెండుసార్లు మరిగించి, ఆవిరిని చల్లారుస్తారు. ముడిసరుకులోని గంధకపు కంపును పట్టేసుకునేది రాగి. అందుకే స్టీలు వచ్చినా రాగి పోలేదు. తర్వాత చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి నిద్ర. పీపాలోంచి కొంత ఆవిరై పోతుంది. స్కాట్లండ్‌లో ఇది ఏటా 2 శాతం, బెంగళూరు ఎండకు 10 శాతం పైమాటే. కసౌలీ చలి విలువ అక్కడ తెలుస్తుంది.

మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌కు కాస్త మాల్ట్ కలిపింది. యూరప్ నిబంధనల ప్రకారం అది విస్కీయే కాదు. ఆ లెక్కన కసౌలీ మాల్ట్ అచ్చమైన సరుకు. నాకు ముచ్చటేసింది, దాచుకోను.

పెద్దాయన మాత్రం పులిసిన బార్లీ వాసన దగ్గరే ఆగిపోయారు. "మా ఊళ్లో సారా కాడ కూడా ఇదే వాసనండీ" అన్నారు. తర్వాత టీ కొట్టు దగ్గర మిగతాది చెప్పారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడిని మూయించిన కబురు వాళ్ల ఊరికీ పాకింది. ఆయన తల్లి చీపురు పట్టుకుని గుంపులో నడిచింది. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని చూశారు, ఆయనతో సహా. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో సడలింపు. సారా పోయి సీసా వచ్చిందని ఆయన కోపం. బార్లీ తేడా, రాగి తేడా నేను చెప్పబోయాను. ఆయన విన్నారు, బదులివ్వలేదు.

మర్నాడు సోలన్ వైపు వెళ్లాం. 1903 నాటి కల్కా–సిమ్లా చిన్న రైలు మార్గంలో ఓ స్టేషన్ పేరే సోలన్ బ్రూవరీ. పెద్దాయన బోర్డు వైపు చాలాసేపు చూశారు.

"బీరుకు స్టేషను కట్టారు. మా ఊరికి ఇప్పటికీ రైలు లేదు. సారా ప్యాకెట్ల జీపు మాత్రం రోజూ వచ్చేది" అన్నారు. అంతలో రైలు వచ్చింది. పిల్లాడిలా చెయ్యి ఊపారు.