ఒడి దులుపు

ఎలుకకు ఏ గడపా అడ్డం కాదు. చిటికెనవేలు పట్టని సందులోనుంచి చిట్టెలుక దూరుతుంది. మా మాదిగేరిలో బోదకొట్టం దూరి రాగులు తిన్నట్టే, రెడ్డోళ్ల వంటింట్లో దూరి నేతిగిన్నె నాకుతుంది. ఆ వంటింట్లోకి మాయమ్మ ఏనాడూ పోలేదు. పెరట్లో నిలబడి కొంగు పట్టేది.

మా అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వానే 550 మిల్లీమీటర్లు. 2002లో అదీ లేదు. మరుసటేడు ఎండాకాలం, రెడ్డోళ్ల పెరట్లో ఇత్తనానికి శెనక్కాయలు ఒలిచే పని దొరికింది. మాయమ్మెంట నేనూ పోయినా. సాయంత్రం గింజలు కొలుచుకొని వాళ్లే ఇంట్లో పెట్టుకున్నారు. పొద్దున కొలిస్తే తక్కువొచ్చినాయి.

"నిన్న ఎంత కట్టుకపోయినావే? ఒడి దులుపు" అన్నాడు రెడ్డి, నా ముందరే.

మాయమ్మ దులిపింది. పొట్టు రాలింది.

"ఎలికలు తినింటాయి సామీ."

"మా ఇంట్లో రెండుకాళ్ల ఎలికలే ఉండేది" అని నవ్వినాడు. కూలిలో పట్టుకున్నాడు. గింజలున్న గది గడప తొక్కని మనిషి దొంగయింది. గడప దాటిన ఎలుక వినాయకుని వాహనంగానే ఉండిపోయింది.

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఇప్పుడు సర్కారు బడి టీచర్ని. పిల్లలకు ఎలుక గురించి చెప్తా. ముందరి పండ్లు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి, అందుకే కొరుకుతూనే ఉంటాది. మూడు వారాలు మోసి, ఈతకు ఐదారు పిల్లల్ని పెడతాది. ఎండు గింజలోని తేమతోనే చాన్నాళ్లు బతుకుతాది. మా కరువు సీమకు తగిన జీవి.

రెండేండ్ల కింద బళ్లో మధ్యాహ్న భోజనం బియ్యం తూకానికి తక్కువొచ్చింది. ప్రైమరీ పిల్లోనికి రోజుకు 100 గ్రాములు. లెక్క రాసేది నేనే. వంటామె మా కులం మనిషే.

"ఇంటికేమన్నా తీసుకపోయినావా అక్కా?"

అడిగింది హెడ్మాస్టరు కాదు, నేను.

ఆమె మారు మాట్లాడలేదు. కొంగు విప్పి దులిపింది. ఆ దులపడం నాకు తెలుసు. చేతుల్లో బలం పోయింది.

మూటలు పక్కకు లాగినా. అడుగు మూటకు బొక్క. గోడవారన తెల్లగా బియ్యం, దాంట్లో బియ్యపు గింజలంతే నల్లటి పెంటికలు. "తప్పయిందక్కా" అన్నా. "పోనీలే సారూ" అనింది. మూటలు బల్లమీదికి ఎక్కించి, గోడకు జానెడు ఎడంగా పెట్టినాం. బొక్కలు సిమెంటుతో పూడ్చినాం.

సదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీ చేతికీ లెక్కల పుస్తకం వస్తాది. గింజ తక్కువొచ్చిన రోజు మీ చూపు మొదట ఎవరి ఒడి మీద పడతాదో చూసుకోండి.

మాయమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.