విడిపింపబడిన పొలము

విమోచన, నూతన జీవము అను మాటలు మన పాఠశాల ప్రార్థనలలో దినదినము వినబడుచున్నవి. నిత్యము వినబడు మాట చెవికి అలవాటై మనస్సునకు దూరమగుట కలదు. కావున ఆ మాటల భావమును విద్యార్థులకును వారి తలిదండ్రులకును మాకు తోచినంతవరకు విన్నవింప గోరుచున్నాము.

తెలిసినదానినుండి తెలియనిదానికి పోవలెనని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. విమోచన యనునది మన ముత్తుకూరివారికి తెలియనిది కాదు. పంట పోయిన యేట తల్లి మెడలోని గొలుసు తాకట్టునకు పోవును; పొలము తనఖాలో పడును. ఆ గొలుసు తన్ను తాను విడిపించుకొనజాలదు. వేరొకరు వెల చెల్లింపవలెను. ఈ సంగతినే తరగతిలో చెప్పగా నొక బాలుడు, "అయ్యా, విడిపించిన పొలమును మరల దున్నవలెను గదా?" అని యడిగెను. వెల చెల్లించుట విమోచన. దున్ని పంట తీయుట నూతన జీవము. ఒకటి లేనిదే రెండవది లేదు.

ఇశ్రాయేలీయులలో పేదయై భూమి నమ్ముకొన్నవానికొరకు సమీప బంధువు దానిని విడిపించు ధర్మము లేవీయకాండమున గలదు. బోయజు అట్లే నయోమి పొలమును విడిపించెను. క్రీస్తు మనుష్యులకు సమీప బంధువై, ధనమునకు మారుగా తన ప్రాణమునే వెలగా నిచ్చెనని క్రైస్తవుల విశ్వాసము.

ఈ విశ్వాసము మన సీమలో నెట్లు పరీక్షింపబడెనో చూతము. కృష్ణపట్నము చెంత సాగు బకింగ్‌హాము కాలువను మీరెల్లరు చూచియుందురు. 1876 మొదలు 1878 వరకు వ్యాపించిన ధాత కరవునందు, ఉత్తరమున ఒంగోలు ప్రాంతమున ఆ కాలువ త్రవ్వకము కరవుపనిగా జరిగెను. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. అమెరికను బాప్తిస్టు మిషనరీయగు జాన్ క్లౌ దొరగారు మూడు మైళ్లకు పైగా త్రవ్వకమును గుత్తకు గైకొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. ఉపదేశకులే మేస్త్రీలై, విశ్రాంతివేళల సువార్త చెప్పిరి. అనేకులు బాప్తిస్మ మడిగిరి. దొరగారు అంగీకరింపలేదు. కూలికొరకు ఎవ్వరును క్రీస్తు పేరు ధరింపరాదని సుమారు 15 నెలలు బాప్తిస్మములు నిలిపివేసిరి. కరవుసాయము ముగిసిన పిమ్మటనే తలుపు తెరచిరి. 1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘ మేర్పడినపుడు సభ్యులు 8 మంది. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందినవారు 2,222 మంది.

కూటికొరకు మతములో చేరిరను మాట నేటికిని వినబడును. ఆకలి యెవరి చెవిని తెరచెనో దేవునికే తెలియును. మేము తీర్పరులము కాము. అయినను గింజ లిచ్చుట ముగిసిన పిమ్మట వచ్చినవారిని గూర్చి ఆ మాట యెట్లు పొసగును? వారిలో పెక్కండ్రు ఊరి వెలుపల నుంచబడిన మాదిగలు. ఆదివారమున పని మానుట, విగ్రహములకు మ్రొక్కకుండుట, చచ్చిన పశువు మాంసము ముట్టకుండుట అను నియమములను వారు చేపట్టిరి. అందువలన ఊరి పెద్దల కోపమునకు గురియైరి. వారి కది లాభము కాదు, వ్యయము. అయినను వెనుదీయక తమ బిడ్డలను బడికి పంపిరి. పలక యెరుగని యిండ్లలో పలకయు బలపమును ప్రవేశించెను. వారు దున్నిన పొల మదియే.

క్రైస్తవ కుటుంబముల విద్యార్థులారా, ఆ పంట నేడు మీరు భుజించుచున్నారు. మీ పూర్వులు పొందిన విమోచన మీ పేర్లలో మాత్రమే మిగిలెనా, మీ నడతలోనున్నదా? జక్కయ్య కన్నీరు కార్చి యూరకుండలేదు; అన్యాయముగా తీసికొన్నదానిని నాలుగంతలు తిరిగి యిచ్చుటకు పూనుకొనెను. పరీక్షలో పరుని కాగితము చూడని కన్ను, తోడివాని కులము నడుగని నోరు, తీసికొన్న అప్పు మరువని మనస్సు ఇవియు నూతన జీవపు మొలకలే.

ఇతర మతస్థులగు తలిదండ్రులకు మా మనవి యొకటి గలదు. మా విశ్వాసమును మా మాటలనుబట్టి కాక మా బిడ్డల నడతనుబట్టి తూచుడు. ఆ తూనికకు మేము వెరవక నిలుచునట్లు ప్రభువు మాకును, మా విద్యార్థులకును కృప ననుగ్రహించునుగాక.