లిఫీ తీరమునుండి లేఖలు

డబ్లిన్

పూజ్యులైన అన్నయ్యగారికి తమ్ముడు నమస్కరించి వ్రాయునది.

రాజభవనములను గూర్చి గాక కష్టజీవులను గూర్చి వ్రాయుమని బయలుదేరునపుడు మీరు చెప్పినమాట మఱవలేదు. ఈ నగరపు ఉత్తరభాగమున హెన్రియెట్టా వీథి యను నొక చిన్న వీథి కలదు. రెండువైపుల ఇటుకకట్టు మేడలు తప్ప అందు వేఱేమియు లేదు. అయినను ఐర్లండు పేదల చరిత్ర చాలవఱకు ఆ గోడలలోనే యున్నది. పదునెనిమిదవ శతాబ్దిలో ల్యూక్ గార్డినర్ అను ధనికుడు ప్రభువర్గమువారికై కట్టించిన యీ సౌధములు, 1801లో ఐరిష్ పార్లమెంటు రద్దయి ప్రభువులు లండనునకు తరలిపోయిన పిమ్మట, ఒకరి చేతినుండి మఱియొకరి చేతికి మాఱుచు, తుదకు అద్దెలపై లాభము తీయువారి పాలబడినవి. 14వ నంబరు ఇంటిని 1877లో దాని యజమాని, అందలి మహాసోపానమును ఊడబెఱికి ఆ చోటునగూడ గదులు వేసి, ఒక్క కుటుంబము కాపురమున్న భవనమును 19 వాటాలుగా చీల్చెను. 1911 జనాభా లెక్కలనాటికి ఆ కప్పుక్రింద తలదాచుకొన్నవారు 100 మంది.

ఇప్పుడది ప్రదర్శనశాల. మెట్లప్రక్క గోడలకు ఎఱ్ఱరంగును నీలిరంగును పూసియున్నవి. ఆ నీలము మన యిండ్లలో తెల్లబట్టలకు పెట్టు నీలిమందే. సున్నములో కలిపి గోడలకు కొట్టెడివారట. పెచ్చులూడిన చోట్ల ఒక పూత క్రింద మఱియొక పూత, దాని క్రింద వేఱొకటి కానవచ్చుచున్నవి. అద్దెకున్నవారు ఎన్ని సంవత్సరములు ఆ గోడలను మనుష్యావాసముగ నిలుపుకొనుటకు పాటుపడిరో ఆ పొరలే చెప్పుచుండగా, నేను చాలసేపు అక్కడనే నిలిచిపోతిని.

ఇది యొక్క యింటి కథ కాదు. 1913 సెప్టెంబరు 2వ తేదీన చర్చి వీథిలో ఇట్టి యిండ్లు కూలి ఏడుగురు మరణింపగా, ప్రభుత్వము విచారణ జరిపించెను. నగరమున ఇరువదివేలకు పైగా కుటుంబములు ఒక్కొక్క గదిలోనే కాపురముండెననియు, ఇట్టి యిండ్ల యజమానులలో నగరసభాసభ్యులు కొందఱు గలరనియు ఆ విచారణలో బయటపడినది. రేవులో దినకూలి దొరకిననాడు తిండి, దొరకనినాడు పస్తు. అద్దె మాత్రము వారము వారము తప్పదు.

ఈ వీథి పైకొననే కింగ్స్ ఇన్స్ అను న్యాయశాస్త్ర విద్యాపీఠము కలదు. మన వరాహగిరి వేంకటగిరిగారు బరంపురమునుండి 1913లో ఈ నగరమునకు వచ్చి, ఈ విద్యాపీఠముననే న్యాయశాస్త్ర మభ్యసించిరి. 1916లో స్వదేశమునకు మరలినపిదప ఆయన బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను సంఘటితపఱచుటకు పూనుకొనుటయు, 1954లో బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన తీర్పును ప్రభుత్వము సవరించినప్పుడు కేంద్రమున కార్మికమంత్రి పదవిని త్యజించుటయు, ఈ నగరమున యౌవనమున కన్నదానితో సంబంధము లేనివని నేను నమ్మజాలను.

డబ్లిన్, కొన్నాళ్ల తరువాత

అన్నయ్యా, మీ ఆరోగ్యము కుదుటబడినదని వదినగారు ఫోనులో చెప్పగా మనస్సు తేలికపడినది.

నిన్న ఓకానెల్ వీథిలో జేమ్స్ లార్కిన్ విగ్రహమును చూచితిని. రెండు చేతులును పైకెత్తి, వ్రేళ్లు చాచి, మహాజనసభలో మాటాడుచున్నట్లు నిలిచియున్నాడు. నైపుణ్యము లేని కూలివాండ్రను, రేవులోని వారిని, బండ్లవారిని ఒక్క సంఘముగ కూర్చిన మహానుభావుడు. ఆ సంఘము 1909 నుండి పెరుగుచుండగా, ట్రాముల కంపెనీకిని ఒక దినపత్రికకును అధిపతియైన విలియమ్ మార్టిన్ మర్ఫీ దానిని మొదలంట నఱుకదలచెను. 1913 ఆగస్టు 26 ఉదయమున ట్రాము కార్మికులు బండ్లను ఎక్కడివక్కడనే పట్టాలపై విడిచి దిగిపోయిరి. అంతట మర్ఫీ నాయకత్వమున యజమానులు పలువురు ఏకమై, లార్కిన్ సంఘమున చేరనని వ్రాలు చేసినవానికే పనియని ప్రకటించిరి. ఆ కాగితముమీద వ్రాలు చేయనొల్లక ఇంచుమించు ఇరువదివేలమంది వీథిపాలైరి. బ్రిటిషు కార్మికులు ఓడలలో ఆహారము పంపిరి. సంఘ కార్యాలయమైన లిబర్టీ హాలులో గంజి కాచి పిల్లలకు పోసిరి. సానుభూతి సమ్మెకు మాత్రము బ్రిటిషు నాయకులు సమ్మతింపలేదు. 1914 ఆరంభమున ఆకలికి తాళలేక కార్మికులు పనులకు మరలిరి. అది ఓటమియే, కాని సంఘము చావలేదు. ఆ స్థలముననే లేచిన నేటి లిబర్టీ హాలులో దాని వారసులు పనిచేయుచున్నారు.

విగ్రహమున కెదురుగ నున్న భవనమును గూర్చి మీకు తప్పక చెప్పవలెను. 1913 ఆగస్టు 31న పోలీసుల నిషేధమును ధిక్కరించి, మాఱువేషమున లార్కిన్ ప్రసంగించిన ఇంపీరియల్ హోటలు, మర్ఫీ సొత్తే, ఆ తావుననే యుండెను. ఆనాడు పోలీసులు జనులను లాఠీలతో చావమోదిరి. బ్రిటిషు పాలనపై 1916లో లేచిన తిరుగుబాటులో హోటలు కాలిపోగా అచ్చట మరల కట్టిన క్లెరీస్ అను పెద్ద అంగడి, ఈ నగరవాసులకు పెండ్లిబట్టల మొదలు బడిబట్టలవఱకు అన్నిటికి చిరపరిచితము. 2015 జూన్ 12న ఆ భవనము నొకరికి, వ్యాపారమును మఱియొకరికి వేఱుచేసి అమ్మిరి. వ్యాపారమునకు కట్టిన వెల ఒక్క యూరో. ఆ సాయంకాలమే 460 మంది పనివారిని బయటికి పంపిరి. ఏండ్ల తరబడి కొలువు చేసినవారికి చట్టప్రకారము రావలసిన పరిహారమును ప్రజల నిధినుండి ప్రభుత్వమే చెల్లింపవలసివచ్చెను. విలువగల నేలయు కట్టడమును ఒక ప్రక్కకు, అప్పులును మనుష్యులును మఱియొక ప్రక్కకు త్రోయుటకు శాసనము దారియిచ్చినది. దీనిని చక్కదిద్దుటకు 2016లోనే నిపుణులు నివేదిక యిచ్చినను ప్రభుత్వము ఏండ్లపాటు కదలలేదు. 2020 ఏప్రిలులో డెబెన్హామ్స్ అంగళ్లు మూసివేసినపుడు, వీథినబడిన పనివారు, అందు స్త్రీలే అధికులు, సరకు తరలిపోకుండ 406 దినములు ద్వారములయొద్ద కావలియుండిరి. చలిలో, వానలో, మహమ్మారి నడుమ! ఆ పట్టుదలను తలచినప్పుడు నాకు కండ్లు చెమర్చినవి.

ఒక్క విషయము నన్ను మిక్కిలి బాధించుచున్నది. 1937 రాజ్యాంగము సంఘము పెట్టుకొను హక్కునిచ్చినది. ఆ సంఘముతో కూర్చుండి మాటాడవలెనని యజమానిని నిర్బంధించు శాసనము నేటికిని లేదు. మర్ఫీవలె కాగితముమీద వ్రాలడుగ నక్కఱలేదు, పలుకకుండిన చాలును.

లిమెరిక్

అన్నయ్యా, రైలులో ఇచ్చటికి వచ్చుచు దినపత్రిక చదివితిని. ఈ దేశమును నూఱేండ్లుగ ఏలిన రెండు పక్షములు, ఫియానా ఫాయిల్, ఫైన్ గేల్, రెండును 1922 అంతర్యుద్ధమున ఎవరెటు నిలిచిరన్న భేదమునుండి పుట్టినవే గాని, ధనికుడు పేద యను భేదమునుండి పుట్టినవి కావు. ఆ తిరుగుబాటులో గాయపడిన జేమ్స్ కానలీని 1916 మే 12న బ్రిటిషువారు కుర్చీకి కట్టి కాల్చిచంపుటతో కార్మికులు తమ మహామేధావిని కోల్పోయిరి. 1918 ఎన్నికలలో వారి పక్షము జాతీయవాదులకు దారి విడిచి, పోటీనుండి తప్పుకొనెను. దానికి బదులుగ 1919 జనవరిలో తొలి ఐరిష్ శాసనసభ ఆమోదించిన ప్రజాస్వామ్య ప్రణాళికను మొదట వ్రాసినది కార్మికనాయకుడైన థామస్ జాన్సనే. ఏ బిడ్డయు ఆకలిచేతను, చలిచేతను, నిలువనీడ లేకయు బాధపడరాదని చూచుట గణతంత్రమునకు ప్రథమధర్మమని అందు ప్రతిన చేసిరి. ప్రతిన చేసినవారే గద్దెలెక్కిరి. 2025లో ఇల్లు లేక ప్రభుత్వపు తాత్కాలిక వసతులలో కాలము గడపినవారు 16,000 మందికి పైబడగా, అందు 5,000 మందికి పైగా పిల్లలే.

దేశము పేదదైనచో ఓర్చుకొనవచ్చును. కాని ఆపిల్ కంపెనీ యీ దేశమునకు 1,300 కోట్ల యూరోల పన్ను బాకీపడియున్నదని ఐరోపా కమిషను 2016లో తేల్చగా, ఆ ధనము మాకు వలదని ప్రభుత్వమే న్యాయస్థానమున వాదించెను. 2024లో ఓడినగాని దానిని పుచ్చుకొనలేదు. గృహములు లేని బిడ్డల తల్లులకు దీనికి సమాధాన మెవరు చెప్పవలెను?

అయినను గాలి మాఱుచున్నది. చీలికలుపీలికలైన వామపక్షములు 2025 అక్టోబరున రాష్ట్రపతి యెన్నికలో కాథరిన్ కానలీ యను ఒక్క అభ్యర్థినిని బలపఱచగా, నూటికి 63 వోట్లతో ఆమె గెలిచెను. ఆ పదవికి అధికారము స్వల్పము. కాని కలిసినచో గెలువవచ్చునని తెలియుట స్వల్పము కాదు.

కలిసి నిలుచుట యన నేమో ఈ ఊరివారికి మున్నే తెలియును. 1919 ఏప్రిలులో బ్రిటిషు సైన్యము లిమెరిక్ నగరమును ప్రత్యేక సైనికప్రదేశముగ ప్రకటించి, వంతెన దాటి పనికి పోవుటకు సైతము అనుమతిపత్రము చూపవలెనని శాసించెను. షానన్ నదికి ఆవలిగట్టున కాపురముండి ఈవలిగట్టున పనిచేయువాడు తన పొట్టకూటికై దినమునకు పలుమార్లు సైనికుని యెదుట చేయిచాపవలసినస్థితి! కార్మికసంఘముల మండలి సమ్మె ప్రకటించి, జాన్ క్రోనిన్ అను వడ్రంగి అధ్యక్షతన, దాదాపు రెండు వారములు నగరమును తానే నడపెను. రొట్టెలకు, పాలకు ధరలు నిర్ణయించిరి. పల్లెలనుండి ఆహారము తెప్పించిరి. సొంత పత్రిక నడపిరి. ఒకటి, అయిదు, పది షిల్లింగుల నోట్లనుకూడ అచ్చువేయగా అంగళ్లవారు వానిని స్వీకరించిరి. రాజధానిలోని జాతీయ కార్మికనాయకులు దేశవ్యాప్తముగ సమ్మె పిలుపునీయుటకు వెనుదీయగా, బిషప్పును మేయరును విరమింపుడని కోరగా, సమ్మె ముగిసెను.

నది యొడ్డున బల్లపై నాతో కూర్చున్న వృద్ధుడొకడు, పూర్వము మాంసపు కర్మాగారమున పనిచేసినవాడట, దీనిని ఓటమియన్న నొప్పుకొనలేదు. సమ్మె ఆగిన కొలదిదినములకే సైన్యము ఆ అనుమతిపత్రముల పద్ధతిని ఎత్తివేసినదని వాదించెను. నేనును ఆయన పక్షమే. మండలివారు ఎవరినడిగి ఎట్లు ధరలు కట్టిరో, నోట్లకు పూచీ యెవరో వివరముగ వ్రాయుటకు రేపు ఇచ్చటి గ్రంథాలయమునకు పోవుచున్నాను.

ఇట్లు,
మీ తమ్ముడు