మూడు నోళ్ల పెట్టె

మా ఇంట్లో ఒక పెట్టె వుంది. దానికి నోళ్లు మూడు. ఒక నోట రేడియో పలుకుతుంది. ఒక నోట సీడీ పాడుతుంది. మూడో నోటికి తీగా లేదు, పళ్లెమూ లేదు. ఎవరి జేబులో ఫోను వుంటే వారి పాటే దాని పాట. ఒక్క నోరున్నవాళ్లు నలుగురం వున్న ఇంట్లోకి మూడు నోళ్లది ఒకటి వచ్చి చేరితే ఎలా వుంటుందో వేరే చెప్పాలా?

మావారు దాన్ని నూజివీడు నుంచి తెచ్చిన రోజున చాట్రాయిలో మామిడికోతలు ముమ్మరంగా వున్నాయి. వసారా నిండా గడ్డి పరిచి మాగవేసిన బంగినపల్లి కాయలే. జాగా లేక పెట్టెను అత్తయ్యగారి మంచం పక్కన స్టూలు మీద పెట్టారు. అసలు తెచ్చింది కూడా ఆవిడ కోసమే లెండి. ఆవిడ దగ్గర ఒక సీడీ వుంది. దాన్ని తిప్పే పాత యంత్రం చెడిపోయి మూడు నెలలైంది.

ఆ సీడీ బజార్లో కొన్నది కాదు. మామయ్యగారు పోతనగారి గజేంద్రమోక్షం పద్యాలు రాగం తీసి చదివేవారు. 1988లో ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన అవన్నీ గంట క్యాసెట్టులోకి ఎక్కించాడు. 2006లో మావారు క్యాసెట్టును సీడీగా మార్పించారు. ఆ తరువాత మూడేళ్లకు మామయ్యగారు పోయారు. అప్పటినుంచి మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్యగారు ఆ సీడీ పెట్టుకుని కళ్లు మూసుకుని వినటం మా ఇంట్లో గడియారం కొట్టినంత మామూలు.

కొత్త పెట్టెలో ముందు పలికింది రేడియో. మావాడు ఏరియలు బారుగా లాగి, అటు వంచి ఇటు వంచి చెమటలు కక్కాడు. మీడియం వేవులో విజయవాడ కేంద్రం మాత్రం గరగర తప్ప మరేమీ ప్రసాదించలేదు. అత్తయ్యగారు కాసేపు చూసి, లేచి, ఏరియలు జోలికి పోకుండా పెట్టెనే పట్టుకుని పావుచుట్టు తిప్పారు. “ఆ గోడమీది బల్బు ఆర్పు” అన్నారు. గరగర పోయి మనిషి గొంతు వినిపించింది!

మావాడు నోరు తెరిచాడు. అందులో మాయ ఏమీ లేదు. ఎఫ్.ఎం. పట్టేది బయటి ఏరియలు. మీడియం వేవు పట్టేది పెట్టె లోపల దాగిన ఫెర్రైటు కడ్డీ. అది ఒక పక్కకు తిరిగివుంటే బాగా వింటుంది, మరో పక్కకు తిరిగితే చెవిటిదవుతుంది. కొన్ని ఎల్.ఇ.డి. బల్బులూ, ఛార్జర్లూ ఆ గరగర పుట్టిస్తాయి. అత్తయ్యగారికి ఫెర్రైటు పేరు తెలియదు. విజయవాడ రేడియో మొదలైంది 1948 డిసెంబరు 1న. ఆవిడ కాపురానికి వచ్చింది 1961లో. కాపు బాగా వచ్చిన ఒక ఏడు మామయ్యగారు ట్రాన్సిస్టరు కొన్నారట. పోస్టాఫీసులో లైసెన్సు కట్టి మరీ రేడియో వినే రోజులవి. తెల్లవారుజామున రజనిగారి భక్తిరంజని కోసం ఆ ట్రాన్సిస్టరును తిప్పీ తిప్పీ నేర్చిన విద్య ఇది.

ఓడిపోయినవాడు ఊరుకుంటాడా? మావాడు మూడో నోరు తెరిపించాడు. దాని పేరు బ్లూటూత్, అనగా నీలిపన్ను. పదో శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హరాల్డ్ అనే రాజుకు ఆ మారుపేరు వుండేదట. చీలిన జనాన్ని ఆయన కలిపినట్టు, వేరువేరు యంత్రాలను ఇది కలుపుతుందని ఆ పేరు పెట్టారు. “పన్ను నీలంగా మారితే పీకించుకోవాలి గాని, పేరు పెట్టుకుంటారా?” అన్నారు అత్తయ్యగారు.

వాడు ఫోనులోంచి ఘంటసాలగారి పాట పెట్టాడు. శుభ్రంగా, పక్కన కూర్చుని పాడినట్టే వుంది. చరణం సగంలో వుండగా ఎవరో పిలిచారని ఫోను జేబులో వేసుకుని దొడ్లోకి వెళ్లాడు. గోడ అడ్డం వచ్చింది, దూరమూ పెరిగింది. పాట రెండుసార్లు వెక్కి ఆగిపోయింది. ఇలాంటి పెట్టెలకు సామాన్యంగా పది మీటర్లే హద్దు.

“వాడితోపాటు పాట కూడా బయటికి పోయింది. నా సీడీ అయితే ఇంట్లోనే వుంటుంది” అన్నారు అత్తయ్యగారు.

ఆవిడ సీడీ పెట్టించారు. మామయ్యగారి గొంతు ఇల్లంతా నిండింది. అంతా బాగానే వుంది గాని, చివరికి వచ్చేసరికి గిగిగిమని నత్తి పట్టి నిలిచిపోయింది. నేను వెంటనే సీడీ తీసి, పమిటచెంగుతో గుండ్రంగా, అన్నం కంచం తుడిచినట్టు తుడిచాను. మళ్లీ పెడితే ఇంకొంచెం ముందే ఆగింది. చాలా ఏళ్లుగా అలాగే తుడుస్తున్నాను. తుడిచి, ఎండపడే కిటికీలో పెడుతున్నాను.

అది తప్పని ఆరోజు తెలిసింది. గ్రామఫోను ప్లేటు అంచునుంచి లోపలికి నడుస్తుంది. సీడీ మధ్యనుంచి అంచుకు నడుస్తుంది. కనుక గంట పద్యాల్లో చివరివి అంచు దగ్గర వుంటాయి. తుడిస్తే మధ్యనుంచి అంచుకు తిన్నగా తుడవాలట. అడ్డగీత పడితే యంత్రం సర్దుకుని చదువుకోగలదు. దారివెంట గుండ్రంగా గీత పడితే సర్దుకోలేదు. పైగా కంపెనీలో అచ్చువేసిన సీడీలా కాకుండా, ఇలా రాయించుకున్న సీడీలో పాట నిలిచేది ఒక రంగుపొరలో. ఎండకు ఆ రంగు వెలుస్తుంది.

మరి క్యాసెట్టు? సీడీ వచ్చాక అదెందుకని ఒక దసరాకు ఇల్లు దులుపుతూ నేనే పారేశాను.

మావాడు రెండు రాత్రులు కంప్యూటరు ముందు కూర్చుని దక్కినంతా దించాడు. చివర రెండు నిమిషాలు మాత్రం దక్కలేదు. నేను అత్తయ్యగారి దగ్గరకు వెళ్లి, “పద్యాలన్నీ వచ్చేశాయండీ. పోయింది ఆ తరువాతి రెండు నిమిషాలే” అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా అన్నారు: “ఆ రెండు నిమిషాల కోసమేనమ్మాయ్ నేను గంటసేపూ వినేది.”

పద్యాలయ్యాక ఆనాడు టేపు ఆపటం మరిచిపోయారట. అంతలో గాలి లేచింది. మామయ్యగారు పద్యం గొంతులో గాక మామూలు గొంతుతో, “ఏమే, ఈదురుగాలి వస్తోంది, ఆ కిటికీ వెయ్యి” అన్నారు. “వస్తున్నానండీ” అని ఈవిడ గొంతు. తరువాత కిటికీ రెక్క చప్పుడు. అంతే.

ఇన్నేళ్లుగా ఆ సీడీ మా ఇంట్లో మోగుతోంది. పద్యాలు కాగానే గిన్నెలు సర్దుకోవాలని నేను వంటింట్లోకి లేచిపోయేదాన్ని. ఆ మాటలు ఒక్కసారీ వినలేదు.

మీ ఇంట్లో అలాంటి గొంతు ఏదైనా వుంటే, ఈవేళే రెండుచోట్ల దాచండి. దాచేముందు చివరిదాకా వినండి.

ఇప్పుడు మామయ్యగారి గొంతు మూడో నోటనే పలుకుతోంది. మావాడు తన పాత ఫోనులో పద్యాలు ఎక్కించి, దాన్ని నానమ్మ స్టూలు మీదే వుంచేశాడు. “ఇది గడప దాటదు నానమ్మా” అన్నాడు. ఇంకో నకలు కంప్యూటరులో వుంది. నేను పద్యాలయ్యాక లేచిపోవటం మానేశాను.

నిన్న మధ్యాహ్నం పద్యాలు ముగిశాయి. పెట్టె మూగగా వుంది. బయట గాలి లేదు, మామిడాకు కదలటం లేదు, చెప్పలేనంత వుక్క. అయినా అత్తయ్యగారు మంచం దిగి, వెళ్లి కిటికీ వేసి వచ్చారు.

నేను ఆ కిటికీ తియ్యలేదు.