మంచిరేవుల ఒడ్డున



అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము మనలో చాలామంది తొందరగా చదివి దాటిపోయే అధ్యాయము. అందులో బోధ తక్కువ, ఊళ్ల పేర్లు ఎక్కువ. సల్మోనే, లాసైయ, ఫీనిక్సు, కౌద. నోరు తిరగని ఈ పేర్ల దగ్గర సండేస్కూలు పిల్లలే కాదు, పెద్దలు కూడ తడబడతారు. అయితే వాటి మధ్యలో మన తెలుగు బైబిలులో ఒక చక్కని తెలుగు పేరు కనబడుతుంది. అది మంచిరేవులు. క్రేతు ద్వీపమునకు దక్షిణపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది.

2019 అక్టోబరు మాసములో ఆ ఊరి ఒడ్డున ఒక పగలంతా గడిపే భాగ్యము దేవుడు నాకు దయచేశాడు. పౌలు సంచరించిన స్థలములు చూచుటకు గ్రీసు దేశము వెళ్లిన పాస్టర్ల గుంపులో నేనూ ఒకడిని. ఫిలిప్పీ, ఏథెన్సు, కొరింథు చూచిన తరువాత మాలో నలుగురము విమానమెక్కి క్రేతుకు వెళ్లాము. పెద్ద పట్టణముల శిథిలములు చూచి వచ్చిన వారికి ఆ చిన్న ఊరిలో చూడదగినదేమున్నదని మా గుంపులో కొందరు అన్నారు. వారు అన్నది నిజమే. అక్కడ చూచుటకు ఏమీ లేదు. ఆలోచించుటకు మాత్రము చాలా ఉన్నది.

క్రేతు గ్రీసు దీవులన్నిటిలో పెద్దది. తూర్పు నుండి పడమరకు సుమారు 260 కిలోమీటర్ల పొడవు ఉంటుంది. దాని నడుమ వెన్నెముకవలె కొండలు నిలిచి ఉన్నవి. వాటిలో ఎత్తయినది ఈదా పర్వతము, 2,456 మీటర్లు. ఉత్తరపు ఒడ్డునున్న హెరాక్లియన్ పట్టణము నుండి దక్షిణమునకు బయలుదేరితే సుమారు 45 కిలోమీటర్ల దూరములో గోర్తిన అనే పాత పట్టణపు శిథిలములు వస్తాయి. రోమీయుల కాలములో ఆ రాష్ట్రమునకు అదే ముఖ్యపట్టణము. పౌలు క్రేతులో విడిచివచ్చిన తీతు పేర అక్కడ కట్టిన పురాతన దేవాలయపు గోడలు ఇంకను నిలిచి ఉన్నవి. దాని ప్రక్కనే ‘అయీ దేకా’ అనే గ్రామము. ఆ మాటకు ‘పదిమంది పరిశుద్ధులు’ అని అర్థము. డెసియస్ చక్రవర్తి కాలములో, క్రీ.శ. 250 ప్రాంతములో, విశ్వాసము కొరకు ప్రాణము పెట్టిన పదిమంది జ్ఞాపకార్థముగా ఆ ఊరికి ఆ పేరు వచ్చినది.

అక్కడి నుండి మెస్సారా అనే మైదానము. రోడ్డుకు రెండు వైపులా ఒలీవ తోటలే. తరువాత అస్తెరూసియా అనే బోడి కొండలు. మేకలు తప్ప మనుష్యులు కనబడని ఆ కొండల మీద మలుపులు తిరిగి తిరిగి రోడ్డు ఒక్కసారిగా సముద్రము వైపు దిగుతుంది. క్రింద కనబడినదే మంచిరేవులు. గ్రీకు భాషలో ‘కలీ లిమేనెస్’. దాని అర్థము కూడ అదే. లూకా వ్రాసిన ఆ పేరు దాదాపు రెండు వేల సంవత్సరములు గడచినా మారలేదు.

ఊరు చిన్నది. కొన్ని ఇండ్లు, ఒడ్డునే రెండు మూడు భోజనశాలలు, ఇసుక మీద లాగి పెట్టిన పడవలు. బెయేర్షెబాలో అబ్రాహాము నాటిన పిచుల వృక్షమును గూర్చి చదివాము గదా, ఆ జాతి చెట్లు నీడనిస్తున్నాయి. దూరము నుండి చూస్తే మన సరుగుడు చెట్లేమో అనిపిస్తుంది. నీరు చెరువువలె నిశ్చలముగా ఉన్నది. పడమటి గట్టు మీద పౌలు పేర తెల్లని చిన్న గుడి. ఎదురుగా పౌలు పేరే పెట్టిన చిన్న దీవి, దాని మీద పెద్ద పెద్ద చమురు ట్యాంకులు. దారిన పోయే ఓడలు అక్కడ ఆగి ఇంధనము నింపుకొంటాయట. పరిశుద్ధ స్థలములో ఈ ట్యాంకులేమిటని మాలో ఒకరు నొచ్చుకొన్నారు. నాకు మాత్రము అది సబబుగానే తోచినది. ఆ రేవు ఆనాడు కూడ ఓడలు ఆగి, గాలి కొరకు కనిపెట్టి, సాగిపోయిన రేవే గదా.

ఒడ్డున వల బాగుచేసుకొంటున్న ఒక వృద్ధుని, మా గైడు ద్వారా, ‘తాతా, ఈ రేవు నిజముగా మంచిదేనా?’ అని అడిగాను. ఆయన నవ్వి, వెనుకనున్న కొండలను చూపి, ‘ఇటు గాలికి మంచిది’ అన్నాడు. తరువాత తూర్పు వైపు చెయ్యి చాపి తల అడ్డముగా ఊపాడు.

ఆ ఒక్క సైగతో నాకు 27వ అధ్యాయము తెరుచుకొన్నది. ఆ రేవుకు ఉత్తరమున, పడమరన కొండలున్నవి. వేసవిలో వీచే వాయవ్యపు గాలికి అది మంచి చాటు. తూర్పు, ఆగ్నేయ దిక్కులు తెరచి ఉన్నవి. అక్కడ చిన్న దీవులు తప్ప అడ్డు లేదు. అందుకే చలికాలము గడుపుటకు అది అనుకూలము కాదని లూకా వ్రాశాడు. మరి ముందుకు ఎందుకు పోలేకపోయారు? ఊరికి పడమట కొద్ది దూరములో లిథినో అనే అగ్రము ఉన్నది. క్రేతుకు అదే దక్షిణపు కొన. అది దాటగానే తీరము ఉత్తరమునకు తిరుగుతుంది, కొండల చాటు తప్పిపోతుంది. ఎదురుగాలిలో తెరచాప ఓడ ఆ మలుపు తిరగలేదు. అందుచేత అలెక్సంద్రియ నుండి గోధుమలతో రోమాకు పోవుచున్న ఆ ఓడ ఇక్కడ చిక్కుకొని చాలా దినములు నిలిచిపోయినది. ఉపవాసదినము కూడ గడచిపోయినది. అంటే సెప్టెంబరు, అక్టోబరు నెలల కాలము. మేము వెళ్లినది కూడ ఆ ఋతువులోనే.

ఇప్పుడు ఓడలోని వారి స్థితి ఆలోచించండి. అందరు కలిసి 276 మంది. సైనికులు, ఖైదీలు, నావికులు. ఈ పిడికెడు ఊరిలో చలికాలమంతా గడపవలెను. పడమట సుమారు 70 కిలోమీటర్ల దూరములో ఫీనిక్సు ఉన్నది. నేటి లూట్రో గ్రామము ఆ స్థలము దగ్గరదేనని పండితులలో ఎక్కువమంది చెప్తారు. గాలి అనుకూలిస్తే ఒక్క దినపు ప్రయాణము కూడ కాదు. అక్కడికి పోదామని ఎక్కువమంది అన్నారు. వద్దని ఒక ఖైదీ అన్నాడు.

పౌలు ఆ మాట దేవదూత చెప్పినట్టుగా చెప్పలేదు. దర్శనము అనలేదు. తనకు తోచినది చెప్పాడు. అప్పటికే మూడుసార్లు ఓడ పగిలి, ఒక రాత్రియు ఒక పగలును సముద్రములో గడిపినవాడు ఆయన. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రికలో ఆ సంగతి ఉన్నది. అది అనుభవము చెప్పిన మాట. అయితే శతాధిపతి యూలి నావికుని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. మనమైనా అంతే చేసేవారము. ఓడ సంగతి ఓడవానికి తెలియదా? వారు దుర్మార్గులు కారు. పైగా దక్షిణపు గాలి మెల్లగా వీచింది. తమ ఆలోచనే మంచిదని గాలి కూడ సాక్ష్యమిచ్చినట్టు తోచింది.

ఆ ఇసుక మీద కూర్చొని ఇది తలంచుచుండగా నాకు మా నాన్న జ్ఞాపకము వచ్చారు.

మాది కృష్ణా జిల్లా సముద్రతీరము దగ్గర చిన్న పల్లె. 1990 తరువాత మా ప్రాంతమంతా రొయ్యల చెరువుల గాలి వీచింది. వరి పండే చేలు తవ్వి ఉప్పునీరు పెట్టి టైగరు రొయ్య వేసేవారు. మాది ఉమ్మడి కుటుంబము. పెదనాన్న, బాబాయిలిద్దరు, మా మామయ్య, అందరు చెరువు తవ్వుదామన్నారు. నాన్న ఒక్కరే, ‘ఉప్పునీళ్లు తాగిన చేను మళ్లీ వరికి రాదు అన్నయ్యా. మనకు తిండిగింజలు ఇచ్చే నేల ఇదొక్కటే’ అన్నారు. ఆయన చదువుకొన్నవాడు కాదు. ఆయన మాట చెల్లలేదు. మొదటి పట్టుబడికి మంచి లాభము వచ్చింది. మెల్లని దక్షిణపు గాలి! ఇంటిలో అందరు నాన్నను చూచి నవ్వారు. రెండవసారి అప్పు తెచ్చి మరియొక చెరువు వేశారు. 1994లో తెల్లమచ్చల తెగులు వచ్చి మా తీరమంతా చెరువులకు చెరువులే ఖాళీ అయినవి. మావి కూడ పోయినవి.

అప్పుడు నేను హైస్కూలులో చదువుచున్నాను. మా ఇంటిలో పొయ్యి వెలగని ఆ సాయంకాలము నాకు బాగా జ్ఞాపకమున్నది. పెదనాన్న చెరువు గట్టు మీద నుండి ఇంటికి రాలేదు. ఎవరి ముఖము చూడలేకపోయారు. చీకటి పడ్డాక నాన్న అన్నము మూట కట్టించుకొని, లాంతరు నాకిచ్చి, ‘నడువు’ అన్నారు. గట్టు మీద పెదనాన్న ప్రక్కన కూర్చొని మూట విప్పారు. నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. ‘తిను అన్నయ్యా, అప్పు అందరిది. అందరము కలిసి తీర్చుదాము’ అన్నారు. ఆ అప్పు తీరుటకు ఏడు సంవత్సరములు పట్టింది. నాన్న కూలిపనికి కూడ వెళ్లారు. తాను వద్దన్న చెరువుకు చేసిన అప్పు తన చెమటతో తీర్చారు. మా అన్నదమ్ముల కుటుంబములు ఈనాటికీ ఒక్క గుడిలో, ఒక్క బల్ల దగ్గర కూర్చుంటున్నవంటే ఆ రాత్రి తిన్న అన్నమే కారణమని నేను నమ్ముచున్నాను.

పౌలు సంగతి కూడ చూడండి. ఓడ రేవు విడిచిన కొద్దిసేపటికే ఊరకులోను అనే పెనుగాలి క్రేతు కొండల మీద నుండి విసిరికొట్టింది. 70 కిలోమీటర్ల ప్రయాణమునకు బయలుదేరినవారు 14 దినములు కొట్టుకొనిపోయారు. పౌలు ఒక్కసారి మాత్రము, నా మాట వినవలసినది అన్నాడు. అది సత్యము గనుక చెప్పాడు. అయితే ఆ మాట మీద ఆగిపోలేదు. వెంటనే ధైర్యము తెచ్చుకొనుడన్నాడు. ఒక్క ప్రాణము కూడ నశించదని దేవుడిచ్చిన వాగ్దానమును వారికి పంచాడు. తెల్లవారుచుండగా రొట్టె పట్టుకొని, అందరి యెదుట దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, విరిచి తిన్నాడు. అది చూచి అందరు ధైర్యము తెచ్చుకొని తిన్నారు. ఆయన మాట వినని నావికుడు తిన్నాడు, ఓడ యజమాని తిన్నాడు, శతాధిపతి తిన్నాడు. ఓడ పోయినది, గోధుమలు పోయినవి. 276 మంది మాత్రము మెలితే ఒడ్డుకు చేరారు.

పౌలు ఖైదీ గదా, ఓడలో ఉండక ఏమి చేయగలడు అని మీరు అడుగవచ్చును. నిజమే, ఓడ ఎక్కుట ఆయన చేతిలో లేదు. ఓడలో ఎట్లుండవలెనో అది ఆయన చేతిలో ఉన్నది. మూలను కూర్చొని, మీ పాపము మీది అని ముఖము త్రిప్పుకొనవచ్చును. వారి భయము చూచి లోలోపల సంతోషించవచ్చును. ఆయన అట్లు చేయలేదు.

ప్రియ చదువరీ, మాట చెల్లనివారు మన ప్రతి సంఘములోను, ప్రతి ఇంటిలోను ఉన్నారు. పొలము అమ్మవద్దన్న తల్లి ఉన్నది. గల్ఫు వెళ్లుటకు అంత వడ్డీకి అప్పు చేయవద్దన్న భార్య ఉన్నది. ఆ సంబంధము వద్దన్న తాతగారు ఉన్నారు. సంఘపు కమిటీలో ఎక్కువమంది ఒకటంటే ఒంటరిగా మరొకటి అన్న పెద్ద ఉన్నాడు. వారి మాట నిజమైన దినమున వారికి రెండు దారులు. ఒకటి, నేను చెప్పలేదా అనుట. అది అన్నవాని మాట గెలుస్తుంది, మనుష్యులు పోతారు. రెండవది, లేచి రొట్టె విరుచుట.

మీ మాట వినక మీ కుమారుడు పట్టణములో నష్టపడి తిరిగివస్తే, మొదట అతనికి అన్నము పెట్టండి. లెక్కలు రేపు చూచుకొనవచ్చును. మీ సలహా త్రోసివేసిన సహోదరుడు కష్టములో ఉంటే, అతని గుమ్మము ముందుగా మీరే ఎక్కండి. మాట వినని మనలను ఇంకను విడువక మనతో ప్రయాణము చేయుచున్న ప్రభువు, మన ఓడలలోని వారందరిని క్షేమముగా ఒడ్డుకు చేర్చును గాక. ఆమేన్.