పొదుగుకొచ్చిన పెట్ట

పెట్ట పొదుగుకొచ్చిందంటే కొన్ని ఇళ్లలో గంప వెతుకుతారు, కొన్ని ఇళ్లలో బకెట్టు వెతుకుతారు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు గంప. గుడ్లు ఆగిపోతాయే అని బెంగపడేవాళ్లకు బకెట్టు: పెట్టను పట్టుకుని పొట్ట తడిసేదాకా నీళ్లలో ముంచి తీస్తే, ఒంట్లో కాక దిగి మళ్లీ గుడ్డుకొస్తుందని నమ్మకం. ఈక పీకి ముక్కు రంధ్రాల్లో దూర్చే ఊళ్లూ ఉన్నాయి. అది మాత్రం నాకు బొత్తిగా గిట్టదు.

ఈమధ్య పెరట్లో కోళ్లు పెంచాలన్న ముచ్చట నగర శివార్లకూ పాకింది. అందరూ మొదట అడిగేది ఒకటే: ఏడాదికి ఎన్ని గుడ్లు పెడుతుంది? అడగాల్సింది అది కాదనిపిస్తుంది నాకు. ఈ పెట్ట ముసలిదైతే దాని చోటులోకి వచ్చే పెట్టను ఎవరు పొదుగుతారు? ఫారాల్లోని తెల్ల లెగ్‌హార్న్ సంతతి ఏడాదికి మూడు వందలు దాటి గుడ్లు పెడుతుందంటే, దానికి పొదుగుబుద్ధి లేకుండా తరతరాలుగా ఏరి పెంచారు కనుకే. పొదిగే పని మెషిను చేస్తుంది. నాటు పెట్ట అలా కాదు. పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి, ఇక చాలని కూర్చుంటుంది. ఏడాదికి మూడు నాలుగు దఫాలు. మొత్తం అరవై గుడ్లు దాటితే గొప్ప. లెక్కల పుస్తకంలో ఇది సోమరిపోతు. కానీ మంద నిలిచేది ఆ సోమరితనం మీదే.

మధ్యేమార్గం లేకపోలేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసమని వనరాజా, గ్రామప్రియ రకాలు తయారుచేసింది. ఒళ్లున్న కోళ్లు, నాటు కోడికి రెండు మూడు రెట్లు గుడ్లు. అయితే అవి పొదుగుకు కూర్చోవడం అరుదు. వాటి పిల్లల్లో తల్లిదండ్రుల గుణాలు అలాగే దిగవు. కాబట్టి మళ్లీ మళ్లీ పిల్లల్ని కొనుక్కోవాల్సిందే. తెలివైన ఇల్లాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు: వనరాజా గుడ్లు తెచ్చి నాటు పెట్ట కింద వేస్తారు. అది తన పర భేదం చూడదు. బాతు గుడ్లు వేసినా 28 రోజులు ఓపిగ్గా కూర్చుని, పిల్లలు నీళ్లలోకి దిగితే గట్టు మీద గోలపెడుతుంది.

కూర్చున్న పెట్టను గమనించడం మంచి కాలక్షేపం. రొమ్ము కింద ఈకలు రాలి, చర్మం నేరుగా గుడ్డుకు తగులుతుంది. రోజుకు ఒక్కసారి లేచి, నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, దూరాన ఇంత పెద్ద రెట్ట వేసి (ఆ కంపు గురించి రాయకపోవడమే మేలు), గబగబా వెనక్కి వస్తుంది. ఒళ్లు చిక్కిపోతుంది. ముక్కుతో గుడ్లు తిప్పుతూ ఉంటుంది. 21వ రోజుకు పిల్లలు.

పదిహేను రోజుల తేడాతో పెట్టిన గుడ్లన్నీ ఇంచుమించు ఒకే రోజు ఎలా పగులుతాయి? తల్లి కూర్చునేదాకా లోపలి పిండం ఎదగకుండా ఆగి ఉంటుంది కనుక. అయితే ఆ ఆగడానికి చల్లదనం కావాలి. ఇరవై డిగ్రీల పైన ఎక్కడో పిండంలో కదలిక మొదలవుతుంది. రోహిణీ కార్తెలో మన ఇళ్లలో అల్మరాలో పెట్టిన గుడ్డు కూడా సగం సగం పొదుగుకుని, చాలినంత వేడి అందక లోపలే చచ్చిపోతుంది. ఎండాకాలం వేసిన గుడ్లు మురిగిపోతాయని పెద్దవాళ్లు అనడం ఊరికే కాదు. ఉరుములకు మురిగిపోతాయని గంపలో ఇనుప ముక్క పెట్టేవాళ్లు కూడా ఆ పెద్దవాళ్లే. అది వేరే సంగతి. వారం లోపు పెట్టిన తాజా గుడ్లు ఏరి, అంతవరకు చల్లటి మూల కుండలో దాచి, కార్తీకం నుంచి మాఘం లోపల వేస్తే పిల్లలు బాగా లేస్తాయి.

లేచిన పిల్లలన్నీ మనవి కావు. గద్దకు కొన్ని, ముంగిసకు కొన్ని, పిల్లికి ఒకటీ అరా. మిగిలినవాటిలో సగం పుంజులు. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు కనుక తక్కినవి కూరలోకే పోతాయి. తన కోడి, తన కుంపటి లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మను చూసి అందరూ నవ్వారు గానీ, ఆవిడ పుంజు తరవాత కూసేదెవరని అడిగినవాళ్లు లేరు.

వీటన్నిటికీ మించిన శత్రువు కొక్కెర తెగులు. కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో 1920ల చివర గుర్తించారు కనుక డాక్టర్లు ఆ ఊరి పేరుతో పిలుస్తారు. కోడి మెడ తిప్పేస్తుంది, పచ్చటి రెట్ట వేస్తుంది, రెండు మూడు రోజుల్లో పెరడు ఖాళీ. దీనికి మందు లేదు, టీకా ఉంది: మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది. చిక్కు ఎక్కడంటే, ఒక సీసాలో వంద కోళ్లకో అంతకు మించో సరిపడే మందు ఉంటుంది. మూత తీశాక రెండు గంటల్లో వాడేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒంటరిగా ఏం చేస్తుంది? వీధంతా కలిసి ఒకే పొద్దున వేయించుకోవాలి. ఎవరి సాయమూ అక్కర్లేకుండా నిలబడే మంద అని మనం ఊహించుకునేది ఇక్కడే తేలిపోతుంది.

ఈ సంగతి ఉమ్మడి తూర్పు గోదావరి మన్యంలోని ఆదివాసులకు టీకాల కంటే ముందే తెలుసు. అక్కడ పెట్టను వాటాకు ఇస్తారు. పెంచినామె పిల్లల్లో సగం తను ఉంచుకుని సగం ఇచ్చేస్తుంది. లేనివాళ్లకు మంద మొదలవుతుంది. ఉన్నవాళ్లకు తమ పెరట్లో తెగులొచ్చినా పక్క ఊళ్లో వాటా కోడి ఒకటి బతికి ఉంటుంది. నా దృష్టిలో ఇంతకు మించిన బీమా పాలసీ లేదు. ఏజెంటు కూడా రాడు.

పుంజు మార్పిడి కూడా ఇలాంటిదే. తన పిల్లల మీదే పుంజును వదిలితే రెండు మూడు తరాల్లో గుడ్లు చిన్నబోతాయి, పిల్లలు బలహీనపడతాయి. ఏడాదికో రెండేళ్లకో పుంజును వేరే ఊరి పుంజుతో మార్చుకోవాలి. భీమవరం వైపు పందెగాళ్లు కుక్కుట శాస్త్రం విప్పి అది కాకా, డేగా, నెమలా, సవలా అని రంగు చూస్తారు. పెరటి మంద నడిపే ఆడమనిషికి ఆ రంగుతో పనిలేదు. పుంజును చంకలో పెట్టుకుని వచ్చినవాణ్ని ఆమె అడిగేది దాని తల్లి గురించి: పిల్లలు లేచేదాకా కూర్చునేదా, మధ్యలో లేచిపోయేదా?