లొటుక్కు

కారు వెనక భాగంలో పుట్టే చప్పుడు నడిపేవాడికి సరిగ్గా తెలియదు. ఇంజను ముందుంటుంది, హారన్ల గోల చుట్టూ ఉంటుంది, మనసేమో అడ్డం రాబోయే ఆటో మీద ఉంటుంది. ఆ చప్పుడు నిజంగా వినేది వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు. షెడ్డులో మాత్రం వాళ్ళని అడిగేవారుండరు.

బెంగుళూరులో ఇలాంటి చప్పుళ్ళకు కొదవలేదు. గుంతల సంగతి సరే, హంపులు చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో పెట్టిన లెక్క ప్రకారం హంపు వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి దాన్ని హాయిగా దాటిపోవాలని ఉద్దేశం. మా పేటలోవి దూడను పడుకోబెట్టి పైన తారు పోసినట్టుంటాయి.

మాది 2009లో కొన్న ఆల్టో. వెనక రెండు చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు. దాన్ని రెండు పొడుగాటి ట్రైలింగ్ ఆర్ములు ముందువైపు నుంచి పట్టి ఉంచుతాయి. అడ్డంగా ఉన్న ఒక కడ్డీ పక్కలకు జరగనివ్వదు. బరువు మోసేవి చుట్టల స్ప్రింగులు, ఊపు అణిచేవి షాకబ్జార్లు. ఆర్ములకీ కడ్డీకీ షాకబ్జార్లకీ చివర్లలో ఇనుముకీ ఇనుముకీ మధ్య ఒక రబ్బరు బుష్షు ఉంటుంది. పాత అంబాసిడర్లు, పద్మినీల్లో స్ప్రింగులకు బదులు కమాను పట్టీలుండేవి గాని, వాటి చివర్లలోనూ రబ్బరే. ఇనుము అరగడానికి ఏళ్ళు పడుతుంది. రబ్బరు దానికంటే ముందే చస్తుంది.

తుంటి ఆపరేషనయ్యాక అమ్మను వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకువెళ్ళాలి. మూడోవారం "నేను రాను, ఆ కసరత్తేదో ఇంట్లోనే చేసుకుంటాలే" అంది. కారణం నొప్పి కాదు, చప్పుడు. ఎప్పుడో చక్రం ఊడిపోతుందని ఆమె భయం. కసరత్తు మానిస్తే మళ్ళీ నడక కష్టమని డాక్టరు గట్టిగా చెప్పి ఉన్నాడు.

ఒక పెద్ద వర్క్‌షాపుకు తీసుకుపోయాను. అక్కడి కుర్రాడు కంప్యూటర్లో "రియర్ నాయిస్" అని కొట్టి, రెండు షాకబ్జార్లూ మార్చాలన్నాడు. కారు కిందికి తొంగి చూడలేదు. అన్ని చప్పుళ్ళకూ అతని దగ్గర ఒకటే మాట. బండి వెనక్కి తెచ్చేశాను.

జె.సి. రోడ్డు పేరు జయచామరాజేంద్ర ఒడెయరుదైనా, బెంగుళూరు వాళ్ళకది కార్ల సామాన్ల బజారు. దాని వెనక సందులో ముళబాగిలు వైపునుంచి వచ్చిన పెద్దవయసు మెకానిక్కు ఒకాయన ఉన్నాడు. అమ్మను ఫిజియోథెరపీకి తీసుకుపోతూ అక్కడ ఆపాను. అతను ముందు డిక్కీ ఖాళీ చేయించాడు. జాకీ, పానాలు, స్టెప్నీ అన్నీ బయట పెట్టించాడు. సగం చప్పుళ్ళు అక్కడే ఉంటాయట. వెనక మూలలు ఒక్కొక్కటీ నొక్కి వదిలాడు. కారు ఒకసారి లేచి కుదురుకుంది. ఊగుతూ ఉండిపోతే షాకబ్జారు పోయినట్టు. నూనె కారిన జాడ కూడా లేదు. సైలెన్సరు పట్టుకుని ఊపాడు, అదీ గట్టిగానే ఉంది.

తర్వాత నన్ను వదిలేసి వెనక కిటికీ దగ్గరికి పోయాడు.

"చప్పుడు ఎట్లుంటుంది మా?"

అమ్మ ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంది. కన్నడం అర్థమవుతుంది, మాట్లాడడానికి మొహమాటం. షాపుల్లో, ఆసుపత్రిలో అందరూ ఆమెను దాటి నాతోనే మాట్లాడతారు. ఒక్క క్షణం నా వైపు చూసి, "లొటుక్కుమంటుంది నాయనా" అంది.

"టంగుమనదా?"

"లేదు. టంగుమంటే ఇనుం మోగినట్టుంటుంది గదా. ఇది మొద్దుగా, కుండలో చింతకాయ పడ్డట్టు."

టంగుమంటే స్ప్రింగు విరిగిందని అతని లెక్క. లొడలొడలాడితే ఏదో నట్టు వదులైంది. కిర్రుమంటే రబ్బరు ఎండింది. లొటుక్కుమంటే రబ్బరు చిరిగి, మధ్యలో ఖాళీ వచ్చింది.

"హంపు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?"

"దిగాక. వీడు గట్టిగా బ్రేకు కొట్టినా అంటుంది."

"వీపు వెనకాలనా, కాళ్ళ కిందనా?"

"కాళ్ళ కింద. ఎడం పక్క."

షాకబ్జార్లు ఉండేది సీటు వెనక. ట్రైలింగ్ ఆర్ము ముందు కొస బిగించేది సీటుకు ముందు, నేల అడుగున. బ్రేకు వేస్తే ఇరుసు లాగేది ఆ ఆర్మునే. అమ్మను దింపి కుర్చీలో కూర్చోబెట్టి, కారెత్తి స్టాండ్ల మీద నిలిపాకనే కిందికి దూరాడు. జాకీ ఒక్కదాన్నే నమ్మి దూరేవాళ్ళున్నారు, వాళ్ళకు దణ్ణం. ఇనప కడ్డీ పెట్టి ఎత్తి చూపాడు. ఎడమవైపు బుష్షులో వేలు దూరేంత చీలిక ఉంది. కుడివైపుదీ పగుళ్ళు పట్టింది. పిల్లవాణ్ణి బజారుకు పంపి రెండూ తెప్పించాడు.

కొత్తవి ఎక్కించి బోల్టులు చేత్తో తిప్పి వదిలాడు. కారు నేలకు దించి, అమ్మను మళ్ళీ వెనక కూర్చోమని, అప్పుడు పడుకుని బిగించాడు. అలా ఎందుకని అమ్మే అడిగింది.

"చక్రాలు వేలాడేటప్పుడు బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలి తిరుగుతుంది మా. ఎప్పుడూ ఆ మెలికలోనే ఉంటే తొందరగా చినిగిపోతుంది. బరువు మీద బిగిస్తే దాని పాటికది ఉంటుంది."

"అదీ నిజమే" అంది అమ్మ.

ఫిజియోథెరపీకి గంట ఆలస్యంగా పోయాం. దారిలో నాలుగు హంపులు దాటినా వెనకనుంచి మాట లేదు. అయిదోది దిగాక, "ఒరే, నీ పక్క తలుపులో ఏదో సన్నగా కిచకిచమంటోందిరా. ఆయనకు చెప్పాల్సింది" అంది.